కుడిపక్క మనిషి

1987 ఆగస్టు 16, ఆదివారం. కుప్పం. సాయంత్రం ఆరున్నర. హాజరు: ఇంటాయన మునెప్ప, ఆయన భార్య సరోజమ్మ, ఆయన అక్క చెంగమ్మ, ఎదురింటి టైలరు వెంకటప్ప, నేను. వీధివాళ్ళు ఇంకో పద్నాలుగు మంది. వాళ్ళ పేర్లు రాయనక్కరలేదు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఇరవై ఏడేళ్ళ వయసులో పద్నాలుగు మంది మనుషులను ‘రాయనక్కరలేదు’ అని కొట్టిపారేసిన ఆ యువకుడి మీద నాకిప్పుడు గౌరవమేమీ లేదు. కానీ డైరీని తర్వాత దిద్దే అలవాటు నాకు లేదు, రాసింది రాసినట్టే ఉండాలి. పుంగనూరులో నేనిప్పుడుంటున్న ఇంట్లో, ఇనప బీరువా అడుగు అరలో, డైరీలన్నీ సంవత్సరాల వరసలో ఉన్నాయి. వాటిలో ఈ ఒక్కదాన్ని పోయిన వారం బయటికి తీయవలసి వచ్చింది. కారణం మా అక్క మనవరాలు కీర్తన. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల రెండు రోజులు ఉండి పోదామని వచ్చి, ఆ రెండు రోజులూ మంచం మీద పడుకుని, చెవుల్లో ఏవో దూర్చుకుని, అరచెయ్యంత ఫోనులో దయ్యాల సీరియల్ చూసింది. చూసి ఊరుకోక నాకు సిఫారసు చేసింది.

“తాతా, నువ్వు దీన్ని సూడాల్సిందే. మొదటి నాలుగు ఎపిసోడ్లు కొంచెం బోరు. అయిదోదాంట్లో దయ్యం వస్తాది. ఇంగ ఆడినుంచి నిలపలేవు.”

నాలుగు గంటల విసుగు భరిస్తే అయిదో గంటలో దయ్యాన్ని చూపిస్తామనే బేరానికి ఈ తరంవాళ్ళు ఎలా ఒప్పుకుంటున్నారో నాకు అర్థం కాదు. ఆ నాలుగు గంటలైనా ఓపికగా చూస్తుందా అంటే అదీ లేదు. బొటనవేలితో తోసుకుంటూ పోతుంది. అయిదో భాగం నాకు చూపించింది. ముఖానికి గోడసున్నం పూసుకున్న ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని కెమెరా మీదికి వచ్చి అరిచింది. అరిచిన ప్రతిసారీ డప్పు మోగింది. భయపడవలసింది ఇక్కడ అని వెనకనుంచి పొడిచి చెప్పకపోతే భయపడడం కూడా రాని జనం కోసం తీసినట్టుంది. ఆ మాటే అన్నాను.

“మీ కాలంలో ఇంతకంటే బాగుండినాయా ఏంది?” అంది కీర్తన, కోపంగా.

“ఒకటి ఉండింది. దాన్ని మించింది ఇంతవరకు రాలేదు.”

“పేరు సెప్పు, ఎతుకుతా.”

“వెతికినా దొరకదు. నేను చూసింది కుప్పంలో తప్ప ఇంకెక్కడా రాలేదు.”

ముసలాయనకు మతి తప్పుతోంది అన్నట్టు నన్నొక చూపు చూసి ఆ పిల్ల మళ్ళీ ఫోనులో పడింది. ఆ చూపుకు జవాబుగానే ఇది రాస్తున్నాను. దయ్యాల సీరియల్ చూడాలనుకునే కొత్తవాళ్ళకు నేను సిఫారసు చేసేది ఆ ఒక్కదాన్నే. అది ఎందుకు దొరకదో కూడా చెబుతాను.

అప్పుడు నేను పట్టు పరిశ్రమ శాఖలో చిన్న ఉద్యోగిని. రైతుల ఇళ్ళకు వెళ్ళి పట్టుపురుగుల గదిలో వేడి ఎంతుంది, తేమ ఎంతుంది చూసి, పురుగు ఏ జ్వరంలో ఉందో రాసుకుని, చెప్పవలసింది చెప్పి రావడం నా పని. పురుగు తిండి మానేసి తల ఎత్తి కదలకుండా నిలబడి చర్మం విడిచే దశను అక్కడ జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాక వారం రోజులు అది రాత్రీపగలూ తింటుంది, తర్వాత గూడు కడుతుంది. కుప్పం ఊరి చివర మునెప్ప ఇంట్లో ముందు గది నాకు అద్దెకిచ్చారు. పెరట్లో వాళ్ళ పురుగుల షెడ్డు. పంట ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో వాసనలు వేళ ప్రకారం మారేవి. తెల్లవారుజామున కోసుకొచ్చిన మల్బరీ ఆకు పచ్చివాసన, పదింటికి సంగటి కెలుకుతున్న వాసన, మధ్యాహ్నం షెడ్డు కడిగిన మందు ఘాటు, సాయంత్రం సరోజమ్మ వేసే సాంబ్రాణి. కళ్ళు మూసుకున్నా గడియారం అవసరం ఉండేది కాదు. షెడ్డు గుమ్మానికి దిష్టి కోసం పాత చెప్పు వేలాడదీస్తే నేను తీసి పారేసేవాణ్ణి. మర్నాటికి మళ్ళీ వేలాడేది. చదువులేని నమ్మకాల మీద నాకు అప్పట్లో ఉన్నంత అసహ్యం ఇంక దేనిమీదా ఉండేది కాదు.

షెడ్డును నిజానికి నడిపింది మునెప్ప కాదు, ఆయన అక్క చెంగమ్మ, ఆమె భర్త. ఆమె అరల్లోంచి పురుగుల తట్టలు లాగి చూసుకుంటుంటే, ఆయన ఆమెకు కుడిపక్కన నిలబడి బుట్టలోంచి ఆకు అందించేవాడట. ఇరవై ఏళ్ళు అలాగే చేశారట. నేను ఆయన్ను చూడలేదు. శాంతిపురం దగ్గర రాతిపనిలో ఏడాది కిందట బండ జారి పోయాడు. ఆ రోజునుంచి చెంగమ్మ షెడ్డు గడప తొక్కలేదు. వెనక వరండాలో కూర్చుని చేటలో అవే రాగులు చెరిగేది. పెట్టింది తినేది, అడిగితే తల ఊపేది. షెడ్డు ఖాళీగా పడి ఉంది. మునెప్ప ఒకసారి గుడ్లు తెచ్చి ప్రయత్నిస్తే మూడో జ్వరం దాటకుండానే పురుగంతా పోయింది. “అక్క సెయ్యి పడకుంటే ఈ ఇంట్లో పురుగు బతకదప్పా” అనేవాడు. నేను నా తేమ లెక్కలు చెప్పేవాణ్ణి. వినేవాడు కాదు.

మునెప్ప టీవీకి చెక్క తలుపులు ఉండేవి, వాటికి తాళం ఉండేది, తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. చూడబోయే పది నిమిషాల ముందు స్టెబిలైజరు వేసి, టీవీ వేడెక్కాలని ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు, మాటలకూ వేడికీ సంబంధం ఉన్నట్టు. మిద్దెమీద కొబ్బరిచెట్టంత పైపు, దానిమీద యాంటెన్నా. అది ఎప్పుడూ తూర్పుకు, మద్రాసు వైపు తిరిగి ఉండేది. ఆదివారం సాయంత్రం అరవ సినిమా కోసం వీధంతా చేరేది. జూన్ నెలలో ఒక ఆదివారం మద్రాసు రాలేదు. టైలరు వెంకటప్ప మిద్దెక్కి పైపును పడమటికి తిప్పాడు. బెంగుళూరు వచ్చింది. కన్నడం అక్కడ అందరికీ వచ్చిందే. ఒక సీరియల్ అప్పుడే మొదలవుతోంది.

కథ చెప్పాలంటే రెండు ముక్కలు. కర్ణాటకలో మలెనాడు కొండల మధ్య ఒక పాత ఇల్లు. ఆ ఇంటి తమ్ముడు ఏట్లో పోయాడు. కానీ ఇంట్లోవాళ్ళు అతను ఉన్నట్టే మాట్లాడుకుంటారు, అన్నాలప్పుడు అతనికీ విస్తరి వేస్తారు, అతను నడవడానికి దారి వదులుతారు. అరుపులు లేవు, డప్పులు లేవు. అయితే టీవీలో కనిపించిన ప్రతి మనిషికీ కుడిపక్కన, ఒక అర అడుగు దూరంలో, ఇంకో మనిషి లేత బూడిద రంగులో నిలబడి ఉన్నాడు. మనిషి లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. ఎవరూ వాణ్ణి తిరిగి చూడలేదు. మొదటి వారం మేము పద్దెనిమిది మందిమి రెప్ప వేయకుండా చూశాం. పేర్లు వేసే అక్షరాలకు కూడా నీడ ఉంది. ‘ఎంత శ్రద్ధగా తీశారు!’ అని నా డైరీలో ఉంది. సీరియల్ అయిన వెంటనే వెంకటప్ప మళ్ళీ మిద్దెక్కి పైపును మద్రాసుకు తిప్పేశాడు. ప్రతి ఆదివారం అదే వరస. ఆ అరగంట తప్ప బెంగుళూరును మేమెవరం చూసింది లేదు.

పద్ధతి గల మనిషిని కాబట్టి నేను ఊరుకోలేదు. ‘కొత్తగా చూడబోయేవారికి సూచనలు’ అని శీర్షిక పెట్టి ఒక కాగితం రాశాను. టీవీకి ఎదురుగా కూర్చోవాలి, పక్కనుంచి చూడకూడదు. మాట్లాడే మనిషిని కాదు, అతని కుడిపక్కను చూడాలి. నీడ చిక్కగా ఉంటే పోయినవాడు దగ్గరగా ఉన్నట్టు, పలచగా ఉంటే దూరంగా ఉన్నట్టు. నీడ వణికితే వాడికి కోపం వచ్చినట్టు. ఈ చివరి సూత్రాన్ని మూడు వారాల పరిశీలన మీద కట్టాను. ఆ మూడు వారాలూ ఆషాఢం గాలి పైపును ఊపుతోందని గమనించలేదు. కార్బను పేపరు పెట్టి నకళ్ళు తీసి, తెలిసినవాళ్ళకు పంచాను. వాయల్పాడులో మా శాఖ మిత్రుడికి ఒకటి, మదనపల్లెలో మా బావకు ఒకటి పోస్టు చేశాను. షెడ్డు గుమ్మానికి కట్టిన చెప్పును తీసి పారేసిన చేతులే ఆ కాగితం రాశాయి. నా జీవితంలో నేను రాసినవాటిలో అంత తెలివితక్కువ రాత ఇంకోటి లేదు.

రెండో వారం నుంచి చెంగమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. నాలుగో వారం సీరియల్ అయ్యాక అందరూ లేస్తుంటే నన్ను పిలిచింది.

“ఏమప్పా, పోయినోళ్ళు కుడిపక్కనే ఉంటారా?”

ఏడాదిలో ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది. నా సూచనల కాగితం మీద నాకున్న గర్వంతో, “అవునక్కా, ప్రతి వారం కుడిపక్కనే. నేను రాసి పెట్టుకున్నాను” అన్నాను.

మర్నాడు ఆమె షెడ్డు తలుపు తీసింది. గోడలకు సున్నం వేసింది. జూలై చివర గుడ్లు తెప్పించమని మునెప్పకు చెప్పింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో మొదటి పంట అది. పురుగు దగ్గరికి ఎవరెవరు రాకూడదో కాగితం రాసి షెడ్డు గోడకు అంటించాను. నేను రోజుకు మూడుసార్లు వేడీ తేమా చూడడానికి వెళ్ళినప్పుడు ఆమె తట్టలు లాగుతూ కుడిపక్కకు తిరిగి మెల్లగా ఏదో చెప్పేది. నేను వినబడనట్టు నటించేవాణ్ణి. పురుగు మూడు జ్వరాలూ ఒక్కటీ చావకుండా దాటింది. ‘తేమ సరిపోయింది’ అని రాసుకున్నాను.

ఆగస్టు రెండో ఆదివారం మదనపల్లెకు వెళ్ళాను. మా బావ టెలిఫోన్లలో పనిచేసేవాడు, తనకు తెలియని తీగ భూమ్మీద లేదని ఆయన నమ్మకం. కొత్త టీవీ, దానికి బూస్టరు. నేను పంపిన కాగితం నలుగురు స్నేహితులకు చూపించి, వాళ్ళను కూర్చోబెట్టి, మా అక్క చేత బోండాలు వేయించి, సీరియల్ మొదలయ్యేముందు నా సూచనలను గట్టిగా చదివాడు. బొమ్మ వచ్చింది. అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంది. మనుషులు ఉన్నారు. వాళ్ళ పక్కన ఎవరూ లేరు.

అయిదు నిమిషాలు అందరూ నా కాగితాన్నీ టీవీనీ మార్చి మార్చి చూశారు. తర్వాత మా బావ బోండా నములుతూ అన్నాడు: “ఏమప్పా, మీ దయ్యానికి బస్సు దొరకలేదా?”

నవ్వులు ఆగాక ఆయన నాకు పాఠం చెప్పాడు. “నేరుగా వచ్చే సిగ్నలు ఒకటి. గుట్టకు తగిలి, కొంచెం ఆలస్యంగా వచ్చేది ఇంకోటి. ఆలస్యమైంది కుడిపక్కన పడతాది. అంతే. మీ కుప్పంలో వార్తలు సూడు, ఒక్కో మనిషికి ఇద్దరు కనపడతారు. దానికి నువ్వు సూత్రాలు రాసినావే! ఉద్యోగంలో గూడా ఇట్లనే రాస్తాండావా?” ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది చాలా ఏళ్ళు ఆయన దగ్గర ఉండింది. పెళ్ళిళ్ళలో తీసి చదివేవాడు.

కుప్పానికి తిరిగి వచ్చాను. తప్పు తెలిసింది, దిద్దాలి. పద్ధతి గల మనిషి చేయవలసింది అదే అనుకున్నాను. మునెప్పకు ముందుగా చెప్పాను. ఆయన టీవీ తాళంచెవిని తిప్పుకుంటూ విన్నాడు.

“గుట్ట నీడయితే ఏమి, ఇంగోటయితే ఏమి? అక్క లేసి తిరగతా ఉండాది. నాలుగో జ్వరం దాటింది, పురుగు ఆకు మింద పడుండాది. ఇప్పుడు ఒక్క పూట ఆకు తప్పితే పోతాది గదా. ఆయమ్మ మళ్ళా ఆ రాగులకాడ కూసుంటే లేపేదానికి నా వల్ల గాదు. పురుగు గూట్లో పడేదాకా, ఒక్క వారం నోరు మూసుకోప్పా.”

“అబద్ధం మీద ఎన్నాళ్ళు నడుస్తుందన్నా?” అన్నాను. ఒక్క వారం నడుస్తుంది, చాలు అని ఆయన అప్పటికే చెప్పాడు. నేను వినలేదు. నిజం చెప్పాలన్న తపన కంటే, మదనపల్లెలో పోయిన పరువును కుప్పంలో తిరిగి తెచ్చుకోవాలన్న తపనే నాలో ఎక్కువగా ఉండిందని ఇవాళ తెలుసు. తప్పును మొదట కనిపెట్టినవాణ్ణి నేనే అని అనిపించుకోవాలి. అంతే.

అలా పదహారో తేదీ వచ్చింది. సీరియల్ అయిపోయింది. వెంకటప్ప మిద్దెక్కబోతుంటే ఆపాను. “ఇవాళ తిప్పొద్దు. అందరూ కూర్చోండి” అన్నాను. కొంతసేపటికి కన్నడ వార్తలు మొదలయ్యాయి. కోటు వేసుకున్న ఒకాయన చదువుతున్నాడు. ఆయన కుడిపక్కన ఇంకో కోటు, ఇంకో కళ్ళజోడు, లేత బూడిద రంగులో చదువుతున్నాయి.

“ఇప్పుడు చెప్పండి. ఈయన పక్కన ఉన్నదెవరు?”

వెంకటప్ప టీవీ దగ్గరికంటా వంగి చూశాడు. “పాపం, ఈయనకూ ఎవురో పోయినట్టుండారే” అన్నాడు.

వీధివాళ్ళు అయ్యో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా బావ నాకు చెప్పిన పాఠమంతా, ఆయన వెటకారంతో సహా, వాళ్ళకు అప్పజెప్పాను. గుట్ట, సిగ్నలు, ఆలస్యం. పలకమీద బొమ్మ గీసి చూపించాను. తర్వాత పెద్ద వాన గురించిన వార్తలో బర్రెలు వచ్చాయి, వాటి పక్కన లేత బూడిద రంగు బర్రెలు వచ్చాయి. అప్పుడు ఒకరిద్దరు నవ్వారు. సరోజమ్మ నవ్వలేదు. ఆమె చూపు గుమ్మం వైపు ఉంది.

చెంగమ్మ లేచి నిలబడింది. “అయితే ఈడ ఎవురూ లేరంటావు” అంది.

“టీవీలో లేరక్కా.”

“నువ్వే గదప్పా రాసి పెట్టుకున్నా అన్నింది.”

“తప్పు రాశాను.”

ఆమె వెనక వరండాలోకి పోయింది. మునెప్ప టీవీ ఆపి, చెక్క తలుపులు మూసి, తాళం వేశాడు. నావైపు చూడలేదు. డైరీలో ఆ సాయంత్రం ఎదురుగా ‘దిద్దుబాటు పూర్తి’ అని రాసి, కింద గీత గీశాను. స్కేలుతో గీసిన గీత.

కీర్తనకు ఇవన్నీ చెప్పలేదు. చెప్పినా, “అంటే బొమ్మ సరిగా రాలేదు, అంతే గదా” అంటుంది. అంతే. ఇప్పుడు బొమ్మ ఎక్కడా చెడిపోదు. దయ్యం జుట్టులో ఎన్ని వెంట్రుకలున్నాయో లెక్కపెట్టవచ్చు. అంత స్పష్టంగా చూసి, రెండు నిమిషాల్లో మరిచిపోయి, ఇంకోదానికి పోతారు. ఆ సీరియల్‌ను బెంగుళూరులో లక్షలమంది శుభ్రమైన బొమ్మతో చూసి ఉంటారు. వాళ్ళకు వట్టి ఇల్లు, వట్టి మాటలు కనిపించి ఉంటాయి, ఆవలించి ఉంటారు. వాళ్ళెవరికీ కనిపించనిది కుప్పంలో ఒక వీధివాళ్ళు పది వారాలు చూశారు. ఎవడూ తీయని భాగం, ఎవడి పేరూ పడని భాగం, దాన్నే నేను సిఫారసు చేస్తున్నాను. దాన్ని చెడగొట్టినవాణ్ణి కాబట్టి దాని విలువ నాకంటే బాగా తెలిసినవాడు ఎవడూ లేడు.

మర్నాడు సోమవారం. అయిదున్నరకే లేచి, థర్మామీటరూ డైరీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మునెప్ప, సరోజమ్మ అప్పటికే షెడ్డు బయట నిలబడి ఉన్నారు. ఇద్దరూ లోపలికి పోలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. నాకు మొదట తెలిసింది చప్పుడు. వేల పురుగులు ఆకు కొరుకుతుంటే కొత్త కాగితం నలుపుతున్నట్టుండే ఆ చప్పుడు షెడ్డంతా నిండి బయటికి వస్తోంది. ఆకు పడింది. నేను తలుపు తోశాను.

చెంగమ్మ అడ్డం వచ్చి నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి, చీర కొంగుకు ఆకుపసరు.

“ఆడే నిలబడప్పా.”

“వేడి చూసుకోవాలక్కా.”

“పురుగు బాగనే ఉండాది. ఎవురెవుర్ని లోపలికి రానీకూడదో కాగితం రాసి ఈ గోడకు అంటించినోడివి నువ్వే గదా? దాంట్లో నీ పేరు గూడా రాసుకో. పో.”

తలుపు మూసి లోపల గడియ పెట్టింది. పంట చేతికొచ్చేదాకా ఆ గడియ నాకు తెరుచుకోలేదు. నా డైరీలో ఆ ఎనిమిది రోజుల వేడి, తేమ గడులు ఖాళీగా ఉన్నాయి. అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ, నా ఉద్యోగంలో ఖాళీ గడి లేదు.

ఆ పొద్దున మాత్రం వెంటనే వెళ్ళిపోలేకపోయాను. మునెప్ప, సరోజమ్మ, నేను, ముగ్గురం బయటే నిలబడ్డాం. లోపల తట్ట లాగిన చప్పుడయింది. తర్వాత ఆమె గొంతు, మామూలుగా, పనిలో ఉన్న మనిషి గొంతు.

“పైతట్టకు తక్కువైనట్టుండాది. ఇంగో పిడికెడు అందియ్యి.”

ఆగింది. ఒక మనిషి వంగి బుట్టలోంచి ఆకు తీసి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది.

“ఆ, సాలు” అంది.